అగ్నిపర్వత శిలల్లో వేడినీటి సాక్ష్యం

ఐస్‌లాండ్‌లో పదింట తొమ్మిది ఇళ్లను చలికాలంలో వెచ్చబరిచేది భూగర్భంలోని వేడి నీరే. ఆ నీటి కోసం, దాని ఆవిరితో విద్యుత్తు తీయడం కోసం అక్కడ అగ్నిపర్వత శిలల్లోకి రెండు మూడు కిలోమీటర్ల లోతు బోర్లు వేస్తారు. బోరు వేస్తుండగా అడుగున ఎంత వేడి ఉందో తెలుసుకోవడం తేలిక కాదు. రాయిని తొలిచే బిట్‌ను చల్లార్చడానికి, రాతిపొడిని పైకి తేవడానికి లోపలికి చల్లటి నీటిని ఆపకుండా పంపుతుంటారు. అప్పుడు థర్మామీటర్ దించితే అది చూపేది ఆ నీటితో చల్లబడిన బోరు ఉష్ణోగ్రతనే. రాయి తన సహజమైన వేడికి తిరిగి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అంతవరకు ఆగలేని ఇంజనీరుకు ఆ లోతులోని వేడి గురించి చెప్పగలిగేవి ఆ రాతిలోని ఖనిజాలే.

ఖనిజాన్ని గుర్తించడమంటే నమూనాకు ఒక పేరు పెట్టడమేనని చాలామంది అనుకుంటారు. వేడినీటికి లోనైన అగ్నిపర్వత శిలలో ఒక్కో పేరు వెనుక మూడు సంగతులు ఉంటాయి. ఆ ఖనిజం ఎంత వేడిలో పుట్టింది, ఎలాంటి నీటిలో పుట్టింది, దేని తర్వాత పుట్టింది. పేరు తప్పితే ఈ మూడూ తప్పుతాయి. వాటిని నమ్ముకుని తీసుకున్న నిర్ణయాలూ తప్పుతాయి. అందుకే ఈ పనిలో ఏ ఒక్క పరీక్షనూ చివరి మాటగా తీసుకోకూడదు. కన్ను, సూక్ష్మదర్శిని, ఎక్స్-రే మూడూ ఒకే మాట చెప్పినప్పుడే ఆ పేరు నిలుస్తుంది.

నీరు రాయిని మార్చే తీరు

బసాల్ట్ లావా గడ్డకట్టినప్పుడు అందులో ప్రధానంగా ప్లాజియోక్లేజ్ ఫెల్‌స్పార్, పైరాక్సీన్, ఆలివిన్, ఇనుము-టైటానియం ఆక్సైడ్‌లు ఏర్పడతాయి. స్ఫటికంగా మారే వ్యవధి దొరకని లావా గాజుగా మిగిలిపోతుంది. ఇవన్నీ దాదాపు వెయ్యి డిగ్రీల సెల్సియస్ వేడిలో, నీరు అంతగా లేనిచోట పుట్టినవి. వంద నుంచి మూడు వందల డిగ్రీల నీటిలో ఇవి స్థిరంగా ఉండలేవు. ముందుగా గాజు కరుగుతుంది. తర్వాత ఆలివిన్ వంతు. ప్లాజియోక్లేజ్, పైరాక్సీన్ మరికొంత కాలం ఓర్చుకుంటాయి.

కరిగిన మూలకాలు నీటిలో కలిసి ప్రయాణించి, అనువైన చోట కొత్త ఖనిజాలుగా పేరుకుంటాయి. ఇది రెండు రకాలుగా జరుగుతుంది. మొదటిది, పాత ఖనిజం ఆకారం అలాగే ఉండి దాని పదార్థం మారిపోవడం. ఆలివిన్ ఆకారంలోనే బంకమట్టి ఖనిజం కూర్చుని ఉంటుంది. ప్లాజియోక్లేజ్ ఆకారంలో ఆల్బైట్, కాల్సైట్, ఎపిడోట్ వంటివి ఉంటాయి. రెండోది, లావాలోని వాయు బుడగలు వదిలివెళ్లిన గుంతల్లో, పగుళ్లలో కొత్త ఖనిజాలు పొరలు పొరలుగా నిండడం. ఈ రెండో రకమే పరిశీలకుడికి ఎక్కువ సంగతులు చెబుతుంది. గోడకు అంటుకుని ఉన్నది ముందు పుట్టింది, గుంత నడుమ ఉన్నది తర్వాత పుట్టింది. కాలక్రమం అక్కడ కంటికే కనిపిస్తుంది.

రాతిపొడి, రాతి కోర్

భూతాప బోర్లలో ఎక్కువభాగం రాయిని పొడిగా, చిన్న చిన్న ముక్కలుగా కొట్టి పైకి తెచ్చేవే. ఐస్‌లాండ్‌లో ప్రతి రెండు మీటర్లకు ఒక నమూనా తీయడం ఆనవాయితీ. ఈ పద్ధతి చౌక, వేగం ఎక్కువ. కాని ముక్కలు పైకి వచ్చేలోపు వేర్వేరు లోతులవి కలిసిపోతాయి. మెత్తటి ఖనిజాలు నీటిలో కరిగినట్టే కొట్టుకుపోతాయి. పొరల క్రమం పూర్తిగా చెదిరిపోతుంది. మరో చిక్కు కూడా ఉంది. బోరులో వాడే మట్టి ద్రవంలో బెంటొనైట్ ఉంటుంది. బెంటొనైట్‌లో ముఖ్య ఖనిజం స్మెక్టైట్. రాతిలో వెతుకుతున్న బంకమట్టి ఖనిజం కూడా తరచుగా స్మెక్టైటే. నమూనాను జాగ్రత్తగా కడగకపోతే బయటినుంచి పోసిన మట్టినే రాతి సాక్ష్యంగా చదివే ప్రమాదం ఉంది.

కోర్ తీయడం వేరు. వజ్రపు పళ్లున్న గుల్ల బిట్ రాయిని వలయంగా కోస్తుంది. నడుమ మిగిలిన రాతి కడ్డీ గొట్టంలోకి ఎక్కుతుంది. దాన్ని పైకి తీసి, లోతు రాసిన పెట్టెల్లో వరుసగా పేరుస్తారు. పగులు ఎటు వంగి ఉంది, ఖనిజం నిండిన ఏ నరం ఏ నరాన్ని కోసుకుపోయింది, గుంతలో ఏ పొర మీద ఏ పొర ఉంది అన్నవి చెక్కుచెదరకుండా దొరుకుతాయి. 1978లో తూర్పు ఐస్‌లాండ్‌లోని రేదార్‌ఫ్యోర్దుర్ దగ్గర అంతర్జాతీయ బృందం 1,919 మీటర్ల లోతు వరకు కోర్ తీసింది. బసాల్ట్ పొరల్లో లోతుకు తగ్గట్టు ఖనిజాలు ఎలా మారతాయో అడుగడుగునా చూపిన కోర్ అది.

కోర్ విలువ ఎంతటిదో ఐస్‌లాండ్‌లోని రేక్యానెస్ ద్వీపకల్పంలో 2017 జనవరిలో ముగిసిన ఐ.డి.డి.పి.-2 (ఐస్‌లాండ్ డీప్ డ్రిల్లింగ్ ప్రాజెక్టు) బోరు చెప్పింది. దాని లోతు 4,659 మీటర్లు. అడుగున కొలిచిన ఉష్ణోగ్రత 426 డిగ్రీలు, పీడనం 340 బార్లు. మూడు కిలోమీటర్లు దాటిన కొద్ది దూరానికే బోరులోకి పంపిన నీరంతా పగుళ్లలోకి పోయింది, రాతిపొడి పైకి రావడం ఆగిపోయింది. అక్కడినుంచి కింది ఒకటిన్నర కిలోమీటర్ల రాయి గురించి నేరుగా సాక్ష్యం చెప్పగలిగినవి అప్పుడప్పుడు తీసిన కోర్ ముక్కలు మాత్రమే. అన్నీ కలిపి 27 మీటర్లకు కాస్త పైన. ఆ లోతు శిలల్లో ఏ ఖనిజాలున్నాయో, బసాల్ట్ ఎంత వేడిలో మారిపోయిందో చెప్పడానికి శాస్త్రవేత్తలకు ఉన్న ఆధారం ఆ కొద్ది మీటర్లే.

కంటితో మొదలు

కోర్ చేతికి రాగానే చేయవలసిన మొదటి పని దాన్ని కడిగి, తడిగా ఉండగానే చూడడం. పొడిగా ఉన్నప్పుడు బూడిద రంగుగా కనిపించిన రాయిలో తడిపితే ఆకుపచ్చలు, ఎరుపులు, తెలుపులు విడివిడిగా తేలతాయి. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, ఉక్కు సూది, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా ఉంటే సగం ప్రశ్నలకు అక్కడే జవాబు దొరుకుతుంది.

ఒక గుంతను దగ్గరగా చూద్దాం. చిటికెన వేలి గోరంత వెడల్పు. గోడ చుట్టూ వెంట్రుకంత మందాన నల్లని ఆకుపచ్చ పూత ఉంది. సూదితో గీస్తే సబ్బులా మెత్తగా లేస్తుంది. అది బంకమట్టి ఖనిజం. ఏ బంకమట్టి అన్నది ఇప్పుడే చెప్పలేం. దాని మీద గాజులా మెరిసే సన్నని స్ఫటికాలు. సూది వాటిని గీయలేదు, చీలే తలాలూ లేవు. అది క్వార్ట్జ్. నడుమ మిగిలిన చోటును తెల్లని ఖనిజం నింపింది. ఆమ్లం చుక్క పడగానే బుసబుస పొంగింది. అది కాల్సైట్. అంటే మొదట బంకమట్టి, తర్వాత క్వార్ట్జ్, చివర కాల్సైట్. ఈ గుంత గుండా ఒకే రకం నీరు ఒక్కసారి పారిపోలేదని, ఉష్ణోగ్రతో నీటి రసాయనమో మారుతూ వచ్చిందని ఈ మూడు పొరలే చెబుతున్నాయి.

లోపల నీటిని పట్టి ఉంచే జీయోలైట్ అనే ఖనిజాల విషయంలో ఆకారమే మొదటి ఆధారం. స్కొలెసైట్, మెసొలైట్ ఒక బిందువు నుంచి విరజిమ్మినట్టు సూదులుగా పెరుగుతాయి. స్టిల్‌బైట్ నడుము బిగించిన వరి కట్టలా ఉంటుంది. చాబజైట్ కాస్త వాలిన ఘనాల్లా, అనాల్సైమ్ ఇరవై నాలుగు ముఖాల గుండ్రని స్ఫటికాలుగా కనిపిస్తాయి. ఇవన్నీ తెల్లగానో రంగు లేకుండానో ఉంటాయి కాబట్టి రంగు మీద ఆధారపడితే మోసపోతాం. ఆమ్లం పోస్తే ఇవి పొంగవు. కాల్సైట్‌ను వీటినుంచి వేరుచేయడానికి ఆ ఒక్క చుక్క చాలు.

లామొంటైట్ అనే జీయోలైట్ తన గుర్తును తానే ఇస్తుంది. కోర్ బయటికి తీసినప్పుడు అది గట్టిగా, తెల్లగా మెరుస్తుంది. పెట్టెలో ఉంచి కొంతకాలం తర్వాత చూస్తే, లోపలి నీటిలో కొంత గాలిలోకి పోయి, స్ఫటికం పొడిపొడిగా రాలిపోతుంది. కాబట్టి కోర్ తీసినరోజే ఫొటో తీసి, వివరం రాసి పెట్టుకోవాలి. ఆలస్యమైతే సాక్ష్యం ధూళిగా మారిపోతుంది.

రంగు పనికొచ్చే ఖనిజాలూ లేకపోలేదు. పిస్తా పప్పు లాంటి పసుపు కలిసిన ఆకుపచ్చ ఎపిడోట్‌ది. ముదురు ఆకుపచ్చ సాధారణంగా క్లోరైట్‌ది. ఇత్తడిలా మెరిసేది పైరైట్. అయినా ఇవి కంటికి తట్టిన అనుమానాలే, నిర్ధారణలు కావు.

సూక్ష్మదర్శిని కింద

రాతిని పలకలా కోసి, గాజు మీద అతికించి, 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీస్తారు. ఆ మందంలో చాలా ఖనిజాల గుండా వెలుతురు దూరిపోతుంది. ధ్రువణ కాంతి సూక్ష్మదర్శినిలో ఒక్కో ఖనిజం ఒక్కో తీరుగా కాంతిని మలుస్తుంది. క్వార్ట్జ్ బూడిద, తెలుపు ఛాయల్లో ఉంటుంది. ఎపిడోట్ ఉబ్బెత్తుగా నిలిచి, గాఢమైన రంగులు చూపుతుంది. క్లోరైట్ తరచుగా మామూలు క్రమంలో లేని నీలి ఛాయ చూపుతుంది. అనాల్సైమ్ దాదాపు నల్లగా ఉండిపోతుంది. దానికి దగ్గరి చుట్టమైన వైరకైట్‌లో మాత్రం సన్నని అడ్డు గీతలు అల్లిక వేసినట్టు కనిపిస్తాయి. వైరకైట్‌కు ఆ పేరు వచ్చింది న్యూజిలాండ్‌లోని వైరాకెయి భూతాప క్షేత్రం నుంచి. అనాల్సైమ్ తక్కువ వేడిలోనూ పుడుతుంది, వైరకైట్‌కు దాదాపు 200 డిగ్రీలు దాటాలి. కంటికి ఒకేలా ఉండే రెండు ఖనిజాలను వేరుచేయగలిగితే వేడి గురించి మంచి ఆధారం దొరికినట్టే.

కొన్ని క్వార్ట్జ్, కాల్సైట్ స్ఫటికాల్లో పెరుగుదల సమయంలో చిక్కుకున్న నీటి చుక్కలు ఉంటాయి. చల్లబడ్డాక ఆ చుక్కలో చిన్న బుడగ ఏర్పడుతుంది. సూక్ష్మదర్శినికి అమర్చిన వేడి పళ్లెం మీద నమూనాను నెమ్మదిగా వేడిచేస్తే ఒక ఉష్ణోగ్రత దగ్గర బుడగ మాయమవుతుంది. స్ఫటికం కనీసం అంత వేడిలో పుట్టిందని అర్థం. చుక్కను గడ్డకట్టించి మంచు కరిగే ఉష్ణోగ్రత కొలిస్తే ఆ నీటి ఉప్పదనం తెలుస్తుంది.

బంకమట్టి చేసే మోసం

ఈ పనిలో అన్నిటికంటే కష్టం బంకమట్టి ఖనిజాలు. కంటికి అన్నీ ఆకుపచ్చ మరకలే. సూక్ష్మదర్శినిలోనూ వాటి రేణువులు చాలాసార్లు విడివిడిగా కనబడవు. ఉష్ణోగ్రత గురించి ఎక్కువ చెప్పేవీ అవే. ఇక్కడ ఖనిజ పొరల మధ్య దూరాన్ని కొలిచే ఎక్స్-రే వివర్తనం తప్పనిసరి.

ఎండాకాలంలో నెరలు విచ్చి, వానకు ఉబ్బి మూసుకుపోయే నల్లరేగడి నేల మనకు తెలిసిందే. ఆ ఉబ్బుకు కారణం అందులోని స్మెక్టైట్. దాని పొరల నడుమకు నీరు చేరితే పొరలు దూరం జరుగుతాయి, నీరు పోతే దగ్గరవుతాయి. బోరు కోర్‌లో ఉన్న స్మెక్టైట్ గుణమూ ఇదే. ప్రయోగశాలలో చేసే పరీక్ష ఈ గుణం మీదే ఆధారపడింది. రాతిని మెత్తగా చేసి, అతి సన్నని రేణువులను నీటిలో వేరుచేసి, గాజు పలక మీద ఆరబెట్టి ఎక్స్-రే తీస్తారు. తర్వాత ఇథిలీన్ గ్లైకాల్ ఆవిరిలో ఉంచి మళ్లీ తీస్తారు. ఆపైన సుమారు 550 డిగ్రీలకు వేడిచేసి మూడోసారి తీస్తారు.

స్మెక్టైట్ పొరల మధ్య దూరం మామూలుగా 12 నుంచి 15 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా ఉంటుంది. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్ల వంతు. గ్లైకాల్ చేరితే ఆ దూరం 17కు పెరుగుతుంది. వేడిచేస్తే 10కి కుంగిపోతుంది. క్లోరైట్ దూరం సుమారు 14. గ్లైకాల్‌కు అది కదలదు, వేడికి కుంగదు. రెండూ కలగలిసిన పొరల బంకమట్టి ఈ రెంటి నడుమ తీరు చూపుతుంది. ఒక్క ఎక్స్-రే చిత్రంలో 14 దగ్గర శిఖరం చూసి క్లోరైట్ అని రాసేస్తే, అది నిజానికి స్మెక్టైట్ కావచ్చు. మూడు చిత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది.

ఈమధ్య కోర్ మీద పరారుణ కాంతి వేసి, తిరిగివచ్చిన కాంతిని చదివే పరికరాలు వాడకంలోకి వచ్చాయి. రాయిని పొడి చేయకుండానే మీటర్ల కొద్దీ కోర్‌ను త్వరగా చదువుతాయి. నీరు, హైడ్రాక్సిల్ ఉన్న ఖనిజాలను ఇవి బాగా పట్టుకుంటాయి. మామూలుగా వాడే హ్రస్వ తరంగ శ్రేణిలో క్వార్ట్జ్, ఫెల్‌స్పార్ మాత్రం వీటికి దొరకవు. క్లోరైట్, ఎపిడోట్ ముద్రలు 2,250, 2,340 నానోమీటర్ల చుట్టుపక్కల దగ్గర దగ్గరగా ఉంటాయి. 1,550 దగ్గర మరో గుర్తు కనబడితే ఎపిడోట్ అని ధైర్యంగా చెప్పవచ్చు. పరికరం వేగాన్ని ఇస్తుంది, తీర్పు మాత్రం పరిశీలకుడే చెప్పాలి.

వేడి మెట్లు

ఐస్‌లాండ్ బోర్లలో దశాబ్దాలుగా కొలిచిన ఉష్ణోగ్రతలను, దొరికిన ఖనిజాలను సరిపోల్చి ఒక క్రమం తేల్చారు. వంద డిగ్రీల లోపు చాబజైట్, థామ్సొనైట్, మెసొలైట్, స్కొలెసైట్. ఆ పైన స్టిల్‌బైట్, హ్యూలాండైట్, ఇంకా పైన లామొంటైట్. 180 దాటాక క్వార్ట్జ్. 200 దాకా స్మెక్టైట్, 200 నుంచి 230 దాకా కలగలుపు పొరల బంకమట్టి, అక్కడినుంచి క్లోరైట్. 230 నుంచి 250 మధ్య ఎపిడోట్ కనిపించడం మొదలవుతుంది. 280 దాటితే యాక్టినోలైట్. 300 దగ్గరికి వచ్చేసరికి కాల్సైట్ తప్పుకుంటుంది. ఎపిడోట్ తొలిసారి కనిపించిన లోతును బట్టి బోరు గోడకు తొడిగే కేసింగ్ పైపు ఎంతవరకు దించాలో నిర్ణయించుకుంటారు. పైనున్న చల్లని నీటిని ఆపి, కిందనున్న వేడి నీటినే తీసుకోవాలంటే ఆ హద్దు తెలియాలి.

ఈ మెట్లను యాంత్రికంగా వాడకూడదు. నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్నచోట కాల్షియం అంతా కాల్సైట్‌లోకి పోయి, జీయోలైట్‌లు పుట్టకపోవచ్చు. అవి లేవు కాబట్టి వేడి ఎక్కువని అనుకుంటే పొరపాటే. రేక్యానెస్‌లో భూమిలోకి దిగేది సముద్రపు నీరు. అది వేడెక్కగానే అన్‌హైడ్రైట్ అనే ఖనిజం పేరుకుంటుంది. కేయొలినైట్, అల్యునైట్ ఖనిజాలు కనిపిస్తే అక్కడి నీరు ఆమ్లం అన్నమాట, ఉక్కు పైపులకు అది ప్రమాద హెచ్చరిక. పలకలు పలకలుగా పెరిగిన కాల్సైట్ నీరు అక్కడ మరిగిందని చెబుతుంది. న్యూజిలాండ్‌లోని బ్రాడ్‌లాండ్స్ క్షేత్రాన్ని పరిశీలించిన పాట్రిక్ బ్రౌన్ 1970లో అడులేరియా అనే ఫెల్‌స్పార్ నీరు బాగా పారే రాళ్లలో దొరుకుతుందని చూపించాడు. అంటే ఖనిజం నీటి దారిని కూడా చూపిస్తుంది.

ఖనిజం చెప్పే వేడి, థర్మామీటర్ చెప్పే వేడి కలవనప్పుడే అసలైన కథ మొదలవుతుంది. ఎపిడోట్ ఉన్నచోట ఇప్పుడు 150 డిగ్రీలే ఉంటే ఆ క్షేత్రం చల్లబడిందని అర్థం. స్మెక్టైట్ మాత్రమే ఉన్నచోట 250 డిగ్రీలుంటే వేడి ఇటీవలే చేరిందని, రాయి ఇంకా దానికి తగ్గట్టు మారలేదని అర్థం. గుంతలో ఎపిడోట్ మీద స్టిల్‌బైట్ పెరిగి ఉంటే చల్లబడిన క్రమం కళ్లముందే ఉంటుంది. ఒక క్షేత్రం మీద కోట్లు ఖర్చుచేసే ముందు తెలుసుకోవలసిన విషయం ఇంతకంటే ఏముంటుంది?

సుర్ట్సే చూపిన వేగం

ఈ మార్పులకు లక్షల ఏళ్లు పడతాయని ఒకప్పుడు అనుకునేవారు. ఐస్‌లాండ్ దక్షిణ తీరం దగ్గర 1963 నవంబరులో సముద్రంలోంచి పుట్టి, 1967 జూన్ వరకు రగిలిన సుర్ట్సే దీవి ఆ అభిప్రాయాన్ని మార్చింది. 1979లో అక్కడ 181 మీటర్ల లోతు కోర్ తీశారు. విస్ఫోటం ఆగి పన్నెండేళ్లే అయినా బూడిద గట్టి టఫ్ రాయిగా మారిపోయి ఉంది. అందులో ఫిలిప్సైట్, అనాల్సైమ్ వంటి జీయోలైట్‌లు, అల్యూమినియం ఉన్న టోబర్మొరైట్ అనే ఖనిజం దొరికాయి. ఆ టోబర్మొరైటే పురాతన రోమన్లు సముద్రంలో కట్టిన కాంక్రీటులోనూ ఉంది. అగ్నిపర్వత బూడిద, సున్నం, సముద్రపు నీరు కలిసి రెండు వేల ఏళ్లు నిలిచే కట్టడాన్ని ఎలా ఇచ్చాయన్న ప్రశ్నకు ఈ దీవి రాళ్లలో ఆధారాలు వెతుకుతున్నారు.

2017లో సుర్ట్సే మీద మళ్లీ మూడు బోర్లు వేశారు. 1979 నాటి కోర్ భద్రంగా ఉండబట్టే, అదే దీవి రాయి నాలుగు దశాబ్దాల్లో ఎంత మారిందో పక్కపక్కన పెట్టి చూడగలిగారు.

మన దక్కన్ రాళ్లు

ఈ శాస్త్రం మనకు దూరపుది కాదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి దక్కన్ బసాల్ట్‌లు తెలంగాణలో ఆదిలాబాద్, వికారాబాద్ వైపు, ఆంధ్రలో రాజమహేంద్రవరం పరిసరాల్లో కనిపిస్తాయి. పుణె, నాసిక్, జల్గావ్ క్వారీల్లోని స్టిల్‌బైట్, స్కొలెసైట్, అపొఫిలైట్ స్ఫటికాలు ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. మహారాష్ట్రలోని కొయినా ప్రాంతంలో భూకంపాల పరిశోధన కోసం హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వేయించిన బోర్లు బసాల్ట్ పొరలన్నిటినీ దాటి కిందనున్న గ్రానైట్ శిలలదాకా వెళ్లాయి. వాటి కోర్ మనకు దక్కన్ పొరల నిలువు చరిత్ర.

ఇలాంటి చరిత్రను ఎలా చదవవచ్చో భూగర్భ శాస్త్రవేత్త జార్జ్ వాకర్ చూపించాడు. 1960లో ఆయన తూర్పు ఐస్‌లాండ్ కొండల్లో జీయోలైట్ మండలాలను గుర్తించాడు. లావా పొరలు వాలి ఉన్నా ఆ మండలాలు దాదాపు బల్లపరుపుగా ఉన్నాయని చూశాడు. వాటిని బట్టి ఒకప్పటి నేలమట్టం ఎక్కడుండేదో, ఎంత రాయి కోసుకుపోయిందో లెక్కగట్టాడు. గుంతల్లోని తెల్లని స్ఫటికాలే ఆయనకు ఆధారం. దక్కన్‌లో కూడా ఇలాంటి ప్రశ్నలకు జవాబులు కోర్ పెట్టెల్లో ఉన్నాయి.

కాబట్టి భూగర్భ శాస్త్రం చదివే మన విద్యార్థులకు రెండు మాటలు గట్టిగా చెప్పాలి. కోర్ రిపోర్టులో ఖనిజం పేరుతో పాటు ఆ పేరుకు ఆధారం కూడా రాయండి. ఆమ్లానికి పొంగిందా, సూదికి గీత పడిందా, గ్లైకాల్‌కు ఉబ్బిందా, ఏ పొర మీద కూర్చుని ఉంది? ఆధారం రాసి ఉంటే తర్వాత వచ్చినవారు తప్పును సరిచేయగలరు, ఉత్త పేరే ఉంటే దాన్ని నమ్మడమో కొట్టిపారేయడమో తప్ప మరో దారి ఉండదు. రెండోది, పని అయిపోయిందని కోర్‌ను పారేయనివ్వకండి. ఇవాళ మన దగ్గరున్న పరీక్షలకు అందని సంగతులను రేపటి పరికరాలు ఆ రాతిలోనే చదువుతాయి. ఆ రాయి మిగిలి ఉంటేనే అది సాధ్యం.